క్లాడియా కార్డినాలే: అరువు గొంతులు, సొంత గొంతు

క్లాడియా కార్డినాలే 2025 సెప్టెంబర్ 23న కన్నుమూసింది. ఫ్రాన్స్‌లో, ప్యారిస్‌కి దక్షిణాన ఉన్న నెమూర్‌లో, 87 ఏళ్ల వయసులో. ఆ వారమంతా సినిమా పేజీల నిండా నివాళులే. నా కంటపడిన వాటిలో చాలావాటికి ఒకటే ఫోటో. తెల్లటి గౌనులో, నటుడు బర్ట్ లాంకాస్టర్ చేతిలో చెయ్యి వేసి వాల్ట్జ్ నాట్యం చేస్తున్న అమ్మాయి. కింద "సౌందర్య దేవత", "ఇటలీ అందాల రాశి" లాంటి మాటలు. 'ది పింక్ పాంథర్'లో ఆమెతో నటించిన డేవిడ్ నివెన్ అప్పట్లో అన్న మాటని కూడా మళ్లీ వెతికి తెచ్చారు. ఇటలీ కనిపెట్టిన వాటిల్లో స్పగెట్టీ తర్వాత అంత సంతోషం కలిగించేది క్లాడియానేనట. మెచ్చుకోలుగానే అన్నాడు, కాదనను. కానీ అప్పటికే అరడజను మంది పెద్ద దర్శకుల దగ్గర పని చేసిన నటిని తీసుకెళ్లి తిండి పక్కన కూర్చోబెట్టిన ఆ మాట, ఆమె పోయిన రోజున కూడా గొప్పగా చెప్పుకోవడం చూస్తే మనసు చివుక్కుమంది.

ఆమె అందం మీద నాకేం పేచీ లేదు. నా పేచీ ఆ ఫోటోతో. అది 'ది లెపర్డ్' సినిమాలోది. ఆ సినిమాలో ఆమెకు సొంత గొంతు లేదు. వేరే నటి డబ్బింగ్ చెప్పింది. ఆ రోజుల్లో ఆమెకు సొంతంగా లేనిది గొంతు ఒక్కటే కూడా కాదు. జుట్టు ఎలా ఉండాలో, బరువు ఎంత ఉండాలో, చివరికి కన్నకొడుకు ఆమెని ఏమని పిలవాలో కూడా ఒక నిర్మాత ఆఫీసులో తేలేది. అలాంటి రోజుల్లో తీసిన ఫోటోని ఆమె జీవితం మొత్తానికి ముఖచిత్రంగా పెట్టేస్తే, ఆ ఆఫీసు ఆమెకు కట్టిన ఖరీదునే మనమూ ఖాయం చేసినట్టవుతుంది. కార్డినాలే గొప్ప నటి అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సంగతి తెలియాలంటే ఆమెని చూడటం చాలదు, వినాలి.

ఆమె పుట్టింది ఇటలీలో కాదు. 1938 ఏప్రిల్ 15న, టునీషియా రాజధాని ట్యూనిస్ పక్కనున్న లా గులెత్ అనే రేవు ఊళ్లో. అప్పుడు టునీషియా ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. లా గులెత్‌లో అరబ్బులు, యూదులు, ఫ్రెంచి వాళ్లు, మాల్టా వాళ్లు, తరాల కిందట సముద్రం దాటి వచ్చిన సిసిలీ వాళ్లు పక్కపక్క ఇళ్లలో బతికేవాళ్లు. క్లాడియా తల్లిదండ్రులు సిసిలీ మూలాల వాళ్లు. తండ్రి రైల్వేలో ఇంజినీరు. ఇంట్లో పెద్దవాళ్లది సిసిలీ యాస, బడిలో ఫ్రెంచి, వీధిలో అరబ్బీ. ప్రామాణిక ఇటాలియన్ భాష మాత్రం ఆమెకు రాదు. ఇరవయ్యో ఏడు దగ్గరపడుతుండగా రోమ్‌కి వచ్చాకే అది నేర్చుకుంది. గొంతు చూస్తే చిన్నప్పటి నుంచీ మందంగా, కాస్త బొంగురుగా ఉండేది. పెద్దయ్యాక బడి పంతులమ్మ అవ్వాలన్నది ఆమె కోరిక.

1957లో అక్కడ 'టునీషియాలోని అందాల ఇటాలియన్ అమ్మాయి' అని ఒక పోటీ పెట్టారు. ఆమె పోటీకి వెళ్లలేదు. వాళ్లమ్మ ఆ కార్యక్రమం ఏర్పాట్లలో ఉంటే తోడుగా వెళ్లింది. ఎవరో చూసి స్టేజీ ఎక్కించారు, గెలిచేసింది. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్లి రావడం బహుమతి. వెనిస్‌లో ఫోటోగ్రాఫర్లు చుట్టుముట్టారు, నిర్మాతలు ఆఫర్లు ఇచ్చారు. రోమ్‌లో సెంట్రో స్పెరిమెంటాలే అనే ప్రభుత్వ సినిమా బడిలో చేరింది గానీ ఎక్కువ రోజులు ఉండలేదు. మొదట్లో ఆమె సినిమాలు వద్దనే అంది. తర్వాత ఒప్పుకోవడానికి కారణాన్ని చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆ కారణం ఆమే తర్వాత బయటపెట్టింది. 1995లో వచ్చిన ఆత్మకథలోనూ, ఆ తర్వాత ఇంటర్వ్యూల్లోనూ దాపరికం లేకుండా మాట్లాడింది. టునీషియాలో ఉండగా, వయసులో తనకన్నా బాగా పెద్దవాడైన ఒక మనిషి ఆమెపై అత్యాచారం చేశాడు. గర్భం వచ్చింది. బిడ్డని కంటానని ఆమె పట్టుబట్టింది. చేతిలో డబ్బు కావాలి, ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలి. రోమ్‌లో విదెస్ అనే నిర్మాణ సంస్థ నడుపుతున్న ఫ్రాంకో క్రిస్టాల్ది ఒప్పందం కాగితాలు ముందు పెట్టాడు. సంతకం చేసింది. కడుపు కనపడకుండా కొన్ని నెలలు షూటింగులు చేసి, ఇక దాచలేననుకున్నప్పుడు క్రిస్టాల్దికి చెప్పింది. అతను ఆమెని లండన్‌కి పంపాడు. పత్రికలకు మాత్రం ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లిందని చెప్పారు. 1958లో లండన్‌లో కొడుకు పుట్టాడు, ప్యాట్రిక్ అని పేరు పెట్టారు. ఇటలీకి తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ ఆమె తమ్ముడైపోయాడు. పిల్లాడికి కూడా అదే చెప్పారు. ఏళ్ల తరబడి వాడు తల్లిని అక్కే అనుకున్నాడు.

అప్పటి ఇటలీ ఎలాంటిదో కాస్త చెప్పాలి. లేకపోతే ఇంత దాపరికం ఎందుకో ఇప్పటి పాఠకులకు అందదు. విడాకుల చట్టం 1970 చివరిదాకా రాలేదు. అత్యాచారం చేసినవాడు ఆ అమ్మాయినే పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పించుకోవచ్చన్న సెక్షన్ 1981 దాకా చట్టంలో ఉంది. సిసిలీలోని అల్కామోలో ఫ్రాంకా వియోలా అనే అమ్మాయి, తనని ఎత్తుకెళ్లినవాడితో పెళ్లికి ససేమిరా అని కోర్టుకెక్కితే 1966లో అది దేశమంతా మార్మోగిన కేసయింది. అలాంటి చోట, 1958లో, పెళ్లికాని తల్లి అని తెలిస్తే ఒక కొత్త హీరోయిన్‌కి సినిమా జీవితం మిగిలేదే కాదు. కాబట్టి క్రిస్టాల్ది ఆమెని కాపాడాడనే వాళ్లు ఉన్నారు. ఒక మేరకు నిజమే. కానీ ఎవరికి కష్టం వచ్చిందో వాళ్ల చేతే తమ మీద సర్వహక్కులూ రాయించుకోవడాన్ని నేను కాపాడటం అనలేను.

ఆ ఒప్పందం కింద ఆమె విదెస్ సంస్థలో ఉద్యోగి. ఏడాదికి ఎన్ని సినిమాలు చేసినా నెల జీతమే. అనుమతి లేకుండా జుట్టు కత్తిరించుకోకూడదు, బరువు పెరగకూడదు. తన శరీరం మీదా, ఆలోచనల మీదా తనకే హక్కు లేకుండా పోయిందని ఆమె తర్వాత చెప్పుకుంది. కొడుకు సంగతి ఎవరితోనైనా నోరు జారితే అంతా కూలిపోతుందన్న టెన్షన్ పగలూ రాత్రీ వెంటాడేది. బయట ప్రచారం మాత్రం జోరుగా సాగేది. ఫ్రాన్స్‌కి బ్రిజిత్ బార్డో ఉంటే ఇటలీకి క్లాడియా కార్డినాలే, వాళ్లది బీబీ, మనది సీసీ అని పత్రికలు మోత మోగించాయి. 1960ల మొదట్లో ఆల్బర్టో మొరావియా ఆమెని ఇంటర్వ్యూ చేశాడు. ఇటలీ గర్వపడే నవలాకారుడు. ఆయన అడిగిందల్లా ఆమె శరీరం గురించే. ఆమెని ఒక వస్తువుగా చూసి, ఆ వస్తువు గురించే మాట్లాడిస్తానని ముందే షరతు పెట్టుకుని కూర్చున్నాడు. అంత చదువుకున్న మనిషికి ఆ అమ్మాయి మనసులో ఏముందో అడగాలని తోచలేదు. చదువుతుంటే ఆయన ప్రశ్నల మీద కోపమొస్తుంది, ఆమె ఓపిక చూసి ఆశ్చర్యమేస్తుంది.

ఇక గొంతు సంగతి. ఇటలీ సినిమాల్లో డబ్బింగ్ ఒక పెద్ద పరిశ్రమ. ముస్సోలినీ హయాంలో విదేశీ సినిమాలన్నీ ఇటాలియన్‌లోకి డబ్ చేస్తేనే ఆడనిచ్చేవాళ్లు. దాంతో గట్టి స్టూడియోలు, చెయ్యి తిరిగిన డబ్బింగ్ ఆర్టిస్టులు తయారయ్యారు. యుద్ధం అయ్యాక సొంత సినిమాలకీ అదే అలవాటైంది. షూటింగ్‌లో మాటలు సరిగా రికార్డు చేసేవాళ్లే కాదు, అన్నీ తర్వాత స్టూడియోలో చెప్పించుకునేవాళ్లు. దర్శకుడు ఫెల్లినీ అయితే కొందరు నటుల చేత డైలాగులకు బదులు అంకెలు చదివించేవాడు, తర్వాత ఎలాగూ మాటలు వేస్తారు కదా అని. ఇలాంటి చోట ఫ్రెంచి యాసతో, బొంగురు గొంతుతో ఇటాలియన్ మాట్లాడే అమ్మాయిని ఏం చేస్తారు? మొఖం ఉంచుకుని గొంతు తీసేశారు. 1958లో మోనిచెల్లి తీసిన దొంగల కామెడీలో సిసిలీ అన్న ఇంట్లో తాళం వేసి కూర్చోబెట్టిన చెల్లెలిగా వేసినప్పటి నుంచి ఇదే వరస.

దీని తీవ్రత తెలియాలంటే 1961 నాటి 'గర్ల్ విత్ ఎ సూట్‌కేస్' చూడాలి. వలేరియో జుర్లీని దర్శకుడు. ఐదా అనే చిన్న గాయని. ఒక డబ్బున్న కుర్రాడు మాయమాటలు చెప్పి తీసుకొచ్చి పార్మా ఊళ్లో వదిలేసి పోతాడు. ఆమె సూట్‌కేసు పట్టుకుని వాళ్లింటికి వెతుక్కుంటూ వస్తే, వాడి తమ్ముడు, పదహారేళ్ల లొరెంజో తలుపు తీస్తాడు. అన్న చేసిన పని దాచలేక, చెప్పలేక, ఆ పిల్లాడు ఆమెని ప్రేమించడం మొదలుపెడతాడు. ఒక సీన్‌లో ఐదా స్నానం చేసి బాత్ గౌనుతో ఆ పెద్ద ఇంటి మెట్లు దిగుతూ ఉంటుంది. కుర్రాడు వెర్డీ ఒపేరాలోంచి ఆమె పేరే ఉన్న పాట రికార్డు పెడతాడు. ఆమె మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతుంది. ఆ ఇంట్లో తనకి దొరకబోని మర్యాద అంతా ఆ కాసేపట్లోనే దొరికినట్టు ముఖంలో వెలుగు. ఇలాంటి సీన్ చాలామంది హీరోయిన్లు చేస్తారు. తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, తర్వాత ఐదా తన చిన్న కొడుకు గురించి మాట్లాడినప్పుడు. వాణ్ని వేరే చోట పెంచుతూ, తను ఊళ్లు పట్టుకు తిరుగుతోంది. ఆ డైలాగు చెప్తున్న నటికి నిజంగానే ఒక కొడుకున్నాడు, వాణ్ని తమ్ముడని చెప్పుకుంటోంది. ఆ రోజు సెట్‌లో ఉన్నవాళ్లలో ఎంతమందికి తెలుసో ఏమో. కళ్లలో అంతా ఉంది. గొంతు మాత్రం అడ్రియానా ఆస్తిది. ఆస్తి చాలా మంచి నటి, డబ్బింగ్ కూడా చక్కగా చెప్పింది. అయినా ఆ చోట కన్నతల్లి గొంతు లేకపోవడం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

తర్వాత వచ్చింది 1963. ఆ ఏడాది ఆమెవి రెండు మహా సినిమాలు విడుదలయ్యాయి. విస్కోంటి 'ది లెపర్డ్', ఫెల్లినీ 'ఎయిట్ అండ్ ఎ హాఫ్'. రెండింటి షూటింగూ ఒకే సమయంలో. విస్కోంటికి నల్లటి పొడుగు జుట్టు కావాలి. ఫెల్లినీకి లేత రంగు కావాలి. అటూ ఇటూ తిరుగుతూ రంగులు మార్చుకునేది. విస్కోంటి సెట్ నాటకశాలలా ఉండేదట, అంతా నిశ్శబ్దం, ప్రతి వస్తువూ చోటు తప్పకూడదు, ప్రతి మాటా రాసినట్టే పలకాలి. ఫెల్లినీ సెట్ సంతలా ఉండేదట. స్క్రిప్టు లేదు, ఆయన ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తూ ఆమె చేత మాట్లాడించేవాడు. ఇద్దరూ ఆమెని ప్రేమగానే చూసుకున్నారు. నివాళుల ఫోటోలో కనిపించిన ఆ నాట్యాన్ని విస్కోంటి పాలెర్మోలోని పలాజో గంజి అనే భవనంలో చిత్రించాడు. దాదాపు 45 నిమిషాల ఆ ఘట్టంలో ఆమె నడక, చూపు, విసనకర్ర పట్టుకునే తీరు, అన్నింట్లోనూ కొత్తగా డబ్బు చూసిన ఇంటి అమ్మాయి రాజసాన్ని సొంతం చేసుకుంటున్న తెగింపు కనిపిస్తుంది. కానీ ఆ సినిమాలో ఆమె పెదవుల మీద పలికింది సోల్వేగ్ దసుంతా.

ఫెల్లినీ మాత్రం నీ గొంతుతోనే మాట్లాడమన్నాడు. ఇటలీ తెరమీద ఆమె సొంత గొంతు వినిపించిన మొదటి సినిమా అదే.

ఆ సినిమాలో ఆమె పాత్ర పేరు కూడా క్లాడియానే. కథలో గీడో అనే దర్శకుడు, మార్చెల్లో మాస్ట్రోయాన్ని, సినిమా మొదలుపెట్టలేక నలిగిపోతుంటాడు. మొదట్నుంచీ అతని ఊహల్లో తెల్లబట్టల్లో ఒక అమ్మాయి కనిపిస్తూ ఉంటుంది, మంచినీళ్ల గ్లాసు అందిస్తుంది, పక్క సర్దుతుంది. మాట్లాడదు. చివర్లో అసలు నటి వస్తుంది, నల్లటి బట్టల్లో, నవ్వుతూ. రాత్రి కారులో ఇద్దరూ బయల్దేరతారు. అతను తను తీయబోయే సినిమా కథ చెప్తాడు. ఒక మగవాడికి ఒక అమ్మాయి ఎదురవుతుంది, ఆమె వల్ల అతని బతుకు మళ్లీ మొదలవగలదు, అయినా అతను ఆమెని కాదంటాడు. ఎందుకు కాదన్నాడో అతను రకరకాలుగా చెప్పుకుంటూ పోతాడు. ఆమె అన్నిటికీ ఒకటే జవాబిస్తుంది: అతనికి ప్రేమించడం రాదు కాబట్టి. అతను ఇంకో కారణం చెప్తాడు. మళ్లీ అదే మాట. ఇంకోటి చెప్తాడు. మూడోసారీ అదే మాట. గొంతు పెంచదు, దెప్పదు, నవ్వు ముఖం చెదరదు. ఆ కాస్త బొంగురు గొంతులో, అక్కడక్కడా పరాయి యాస తగిలే ఇటాలియన్‌లో, ఆ చిన్న వాక్యం మూడుసార్లు పడేసరికి గీడో కట్టుకున్న సమర్థింపులన్నీ ఖాళీ అయిపోతాయి. తీర్చిదిద్దిన డబ్బింగ్ గొంతు అదే మాట చెప్తే హీరోకి బుద్ధి చెప్పే డైలాగ్ అయ్యేది. ఆమె చెప్తే, ఎదుటి మనిషిని చూసి తనకి తట్టింది తట్టినట్టు చెప్పేసిన మాటలా ఉంది. అన్నాళ్లూ ఆమె గొంతు పనికిరాదన్న వాళ్ల చెవుల్లోనే లోపముందని చెప్పడానికి నాకు ఈ ఒక్క సీన్ చాలు.

అదే ఏడాది చివర్లో వచ్చిన 'లా రగాత్సా ది బూబే'లోనూ ఆమె తన గొంతుతోనే నటించింది. లుయిజీ కొమెన్చీని దర్శకుడు, కార్లో కస్సోలా నవల ఆధారం. యుద్ధం ముగిసిన రోజులు, టస్కనీ పల్లె. మారా అనే అమ్మాయి బూబే అనే పార్టిజాన్ కుర్రాణ్ని, అంటే యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడిన గెరిల్లాని, ఇష్టపడుతుంది. అతను హత్య కేసులో ఇరుక్కుని పారిపోతాడు, తర్వాత 14 ఏళ్ల శిక్ష పడుతుంది. ఈలోగా మారాకి ఇంకో మంచి మనిషి పరిచయమవుతాడు, హాయిగా బతికే దారి కనిపిస్తుంది. ఆమె బూబే కోసం ఆగుతుంది. మొదట్లో చెప్పుల జత కోసం సంబరపడే పల్లెటూరి పిల్ల, ఆఖరికి రైలెక్కి జైలుకి వెళ్లొచ్చే స్థిరమైన మనిషి. ఈ మార్పుని ఆమె గొంతులోనే వినొచ్చు. మొదట గలగలా మాట్లాడుతుంది, పోనుపోను మాటలు తగ్గి బరువెక్కుతాయి. ఈ సినిమాకే 1965లో ఆమెకి ఉత్తమ నటిగా నాస్త్రో దార్జెంతో వచ్చింది. ఇటలీ సినిమా విమర్శకులు ఇచ్చే అవార్డు అది. సొంత గొంతు వినిపించిన వెంటనే పెద్ద గుర్తింపు రావడం కాకతాళీయమని నేననుకోను.

తెలుగువాళ్లం ఈ సంగతిని ఇంకాస్త బాగా అర్థం చేసుకోగలం. మన హీరోయిన్ల గొంతుల చరిత్ర కూడా ఇలాంటిదే కదా. విజయశాంతికి, సౌందర్యకి సరిత చెప్పిన డబ్బింగ్ విని పెరిగిన తరం నాది. ఆ గొంతు మీద నాకున్న ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు. 2010లో 'ఏ మాయ చేసావే'లో సమంతకి చిన్మయి గొంతు ఎంత కుదిరిందంటే చాలామంది అది సమంతదే అనుకున్నారు. డబ్బింగ్ ఆర్టిస్టుల పని చిన్నదని నేను ఎప్పటికీ అనను. కానీ 'ఫిదా'లో సాయిపల్లవి తన గొంతుతో తెలంగాణ యాస మాట్లాడినప్పుడు థియేటర్లలో వచ్చిన ఊపు గుర్తు తెచ్చుకోండి. 'మహానటి'లో సమంత తెలుగులో తన గొంతుతో మాట్లాడినప్పుడు, అక్కడక్కడా ఉచ్చారణ తడబడినా, ఆ విలేకరి పాత్రకి ఒక నిజమైన బెరుకు వచ్చింది. ఏ గొంతు "హీరోయిన్ గొంతు" అని ఎవరు తేలుస్తున్నారో మనమూ అడగాల్సిన ప్రశ్నే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. డబ్బింగ్ అందరికీ జరిగేదే, మగవాళ్లకీ జరిగింది, 'ది లెపర్డ్' ఇటాలియన్ ప్రింటులో లాంకాస్టర్‌కీ, అలెన్ డెలాన్‌కీ వేరేవాళ్లే చెప్పారు కదా అని. నిజమే. కానీ లాంకాస్టర్ గొంతు ఇంగ్లీషు ప్రింటులో ఉంది. డెలాన్ గొంతు ఫ్రెంచి సినిమాల నిండా ఉంది. వాళ్లు పరాయి భాషలోకి అతిథులుగా వచ్చి వెళ్లారు. కార్డినాలేకి ఆ రోజుల్లో అలా తిరిగి వెళ్లడానికి సొంత ఇల్లంటూ ఏ భాషలోనూ లేదు. ఆమెని ఇటలీ ముద్దుబిడ్డని ప్రచారం చేసింది ఇటలీయే, ఆమె ఇటాలియన్ తమ చెవికి ఆనదని పక్కన పెట్టిందీ ఇటలీయే. హాలీవుడ్ వాళ్ల సినిమా చేస్తే అందులోనూ అంతే, 'ది పింక్ పాంథర్'లో ఆమె గొంతు వేరొకరిది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. క్రిస్టాల్ది లేకపోతే కార్డినాలే ఎక్కడుంది అని. క్రిస్టాల్ది మామూలు నిర్మాత కాదు. మోనిచెల్లి, జెర్మి, విస్కోంటి సినిమాలు తీశాడు, చాలా తర్వాత 'సినిమా పారడీసో' కూడా ఆయన తీసిందే. మంచి కథ, మంచి దర్శకుడు ఎవరో ఆయనకి తెలుసు. ఆమెకి ఆ దారి తెరిచింది ఆయనే. ఆ గౌరవం ఇవ్వాలి. కానీ ఆమె పేరు ప్రపంచమంతా మోగించిన సినిమాలు చూడండి. 'ది లెపర్డ్' టిటానుస్ సంస్థది. 'ఎయిట్ అండ్ ఎ హాఫ్' రిజోలిది. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' వెనక పారామౌంట్ ఉంది. బయటి బ్యానర్లకి వెళ్లి ఆమె తెచ్చిన పేరు విదెస్‌కి ఆస్తి అయ్యింది, ఆమెకి దక్కింది నెల జీతం. మనవాళ్ల మాటల్లో చెప్పాలంటే కాల్షీట్లు ఆమెవి, లెక్కలు వాళ్లవి.

1967లో దాపరికం బద్దలైంది. ప్యాట్రిక్ సంగతి ఒక పత్రిక చేతికి చిక్కబోతోందని తెలిసి, ఆమే జర్నలిస్టు ఎంజో బ్యాజిని నమ్మి కథంతా చెప్పింది. ఆయన మర్యాదగా రాశాడు. అభిమానులు ఛీ కొడతారని అన్నేళ్లు భయపెట్టారు గానీ, జరగలేదు. పైగా మరుసటి ఏడాదే ఆమె జీవితంలో అతి పెద్ద పాత్రల్లో ఒకటి వచ్చింది.

ఆ పాత్ర జిల్. సెర్జియో లియోనే తీసిన వెస్టర్న్ 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'లో, మగవాళ్లు తుపాకులతో తిరిగే లోకంలో, కథని ముందుకు లాగే మనిషి ఆమె ఒక్కతే. రైలు దిగుతుంది, తీసుకెళ్లాల్సిన వాళ్లు రారు, గడియారం చూసుకుంటుంది, స్టేషన్ గదిలోకి వెళ్లి దారి అడుగుతుంది. కెమెరా కిటికీలోంచి ఆమెని చూసి, కప్పు మీదుగా పైకి లేచి ఊరంతా చూపిస్తుంది. వెనక మొరికోనె సంగీతం. అందులో మాటల్లేకుండా పాడే ఆడగొంతు ఎడ్డా దెల్లోర్సోది. ఈ సీన్ ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. అయినా ఇక్కడా ఆమె భావాన్ని పలికింది ఇంకొకరి గొంతే. సంగీతాన్ని ముందే రికార్డు చేయించి లియోనే షూటింగ్‌లో వినిపించేవాడు కాబట్టి, ఆమె నడక ఆ పాటని వింటున్న నడక. ఆ లెక్కన ఇది ఇద్దరు కళాకారిణులు కలిసి చేసిన సీన్ అనుకుంటే నాకు కాస్త ఊరట.

1975లో ఆమె క్రిస్టాల్దిని, విదెస్‌ని వదిలేసింది. నేపుల్స్ దర్శకుడు పాస్క్వాలే స్క్విటియేరితో జీవితం పంచుకుంది. పెళ్లి చేసుకోలేదు, 1979లో కూతురు పుట్టింది. వదిలినందుకు మూల్యం చెల్లించింది. క్రిస్టాల్ది పలుకుబడి వల్ల ఇటలీలో తలుపులు మూసుకుపోయాయని, చేతిలో డబ్బు కూడా లేకపోయిందని ఆమె చెప్పింది. జెఫిరెల్లి టీవీ సిరీస్ 'జీసస్ ఆఫ్ నజరెత్'లో రాళ్లతో కొట్టబోయే స్త్రీ పాత్ర దొరికింది, చాలా చిన్నది. ఇక్కడి నుంచి ఆమె కెరీర్ దిగజారిందని రాసేవాళ్లతో నేను అస్సలు ఏకీభవించను. 1982లో విడుదలైన దర్శకుడు హెర్జోగ్ 'ఫిట్జ్‌కరాల్డో' కోసం అమెజాన్ అడవుల్లోకి వెళ్లింది. మొదట పెట్టుకున్న హీరో జేసన్ రోబార్డ్స్ జబ్బుపడి వెళ్లిపోతే, తీసిన భాగమంతా పక్కన పెట్టి క్లౌస్ కిన్‌స్కీతో మళ్లీ తీశారు. ఆమె ఉండిపోయింది. కొండ మీదుగా ఓడని లాగించాలన్న పిచ్చి కలకి డబ్బు పెట్టే మాలీగా, ఆ సినిమా మొత్తంలో వెచ్చదనం ఉన్న మనిషి ఆమే. 1984లో ముస్సోలినీ ప్రియురాలు క్లారెట్టా పెతాచ్చిగా చేసిన సినిమాకి మళ్లీ నాస్త్రో దార్జెంతో. 1993లో వెనిస్, 2002లో బెర్లిన్ జీవిత సాఫల్య పురస్కారాలిచ్చాయి. స్త్రీల హక్కుల కోసం 2000 నుంచి యునెస్కో గుడ్‌విల్ రాయబారిగా పనిచేసింది. ఎనభైలు దాటాక కూడా నటించింది. 2022లో లా గులెత్‌లో ఒక వీధికి ఆమె పేరు పెడితే స్వయంగా వెళ్లింది.

2017లో కాన్ ఫెస్టివల్ 70వ ఏట, 1959లో ఆమె రోమ్ డాబా మీద గిర్రున తిరుగుతూ నాట్యం చేసిన ఫోటోని పోస్టర్ చేశారు. నడుమూ తొడలూ కంప్యూటర్లో సన్నబరిచారు. పెద్ద గొడవైంది. ఆమె మాత్రం, తను స్త్రీవాదినేనని చెప్తూనే, ఇందులో అవమానమేమీ కనిపించలేదని, లోకంలో మాట్లాడుకోవాల్సినవి ఇంతకన్నా ముఖ్యమైనవి ఉన్నాయని, ఇది సినిమాయేగా అని కొట్టిపారేసింది. నా వాదనకి ఇది అడ్డు తగులుతుందని తెలుసు. ఆమెకి లేని కోపం నాకెందుకని అడగొచ్చు. ఆమె మాట ఆమెది, దానికి పూర్తి విలువిస్తాను. అయినా 79 ఏళ్ల నటిని గౌరవిస్తూ ఇరవై ఒక్కేళ్లప్పటి ఆమె నడుముని కత్తిరించిన వాళ్ల మీద నా కోపం నాకుంది. బరువు గురించి షరతులు రాసిన ఒప్పందం ఆమె చింపేసి అప్పటికి నలభై ఏళ్లు దాటింది.

కార్డినాలేని కొత్తగా చూడబోయేవాళ్లకి నా సలహా ఒకటుంది. 'ది లెపర్డ్'తో మొదలుపెట్టకండి. ముందు 'లా రగాత్సా ది బూబే' చూడండి, ఇటాలియన్ ఆడియోతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. తర్వాత 'ఎయిట్ అండ్ ఎ హాఫ్'. కథ సగం అర్థం కాకపోయినా కంగారుపడొద్దు, కారు సీన్ దాకా ఓపిక పట్టండి. ఆ గొంతు చెవిలో పడ్డాక 'గర్ల్ విత్ ఎ సూట్‌కేస్'కి వెళ్తే, ఐదా మాట్లాడిన మొదటి మాటకే ఇది ఆమె కాదని మీకే తెలిసిపోతుంది. 'ది లెపర్డ్' ఆ తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.